నాన్న క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించిన వేసవి

ఏప్రిల్ 27, 2025, ఆదివారం

అటక మీద నుంచి అట్టపెట్టె దింపాను. లెక్కపెడితే 31 క్యాసెట్లు. అరవై నిమిషాలవి 22, తొంభై నిమిషాలవి 9. అన్నిటి మీదా నాన్న చేతిరాతే. ‘రాయబారం, రిహార్సల్, మన ఇల్లు’, ‘కాటి సీను, దుగ్గిరాల’. ఒకదాని మీద మాత్రం ‘చెరపవద్దు’ అని రాసి వదిలేశారు.

నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. తెనాలి చుట్టుపక్కల నాటక సమాజాలన్నిటికీ తెలిసిన చెయ్యి. 1980ల చివరి నుంచి ఓ పదేళ్లు రిహార్సళ్లన్నీ రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసి ఉండే టూ-ఇన్-వన్‌లో రికార్డు చేసి దాచుకున్నారు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఈ వేసవిలోనైనా వీటిని కంప్యూటర్లోకి ఎక్కించాలని అమ్మ పట్టు. బడికి సెలవులు జూన్ 11 దాకా ఉన్నాయి. మొత్తం 35న్నర గంటల సరుకు, దీనికి దొడ్డిదారి లేదు. క్యాసెట్టు ఎంతసేపు తిరిగితే అంతసేపూ కాచుకోవాల్సిందే.

మా కంప్యూటర్ 2014లో గుంటూరులో అసెంబుల్ చేయించింది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, తర్వాత వేయించిన 120 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10. అప్పట్లో అసెంబుల్ చేసిన కుర్రాడు అడక్కపోయినా లక్ష రూపాయల సాఫ్ట్‌వేర్ అంతా ‘ఫ్రీ’గా వేసి ఇచ్చాడు. అన్నీ క్రాక్ చేసినవే. ఈసారి అలాంటిది ఒక్కటీ ముట్టుకోకూడదనుకున్నాను. నీతి ఒక కారణం. ఆ క్రాక్ ఫైళ్లలో ఇంకేం ఉందో ఎవరికీ తెలియకపోవడం రెండో కారణం. నిజం చెప్పాలంటే రెండోదే పెద్దది.

ముందు ఇల్లు ఊడ్చాను. ఫైళ్లను కుదించి మూటగట్టే విన్‌రార్ తెరిస్తే 40 రోజుల ట్రయల్ అయిపోయిందని చెప్పింది. పాపం, పదకొండేళ్లుగా రోజూ అదే చెబుతోంది, కానీ పని ఆపదు. సిగ్గేసి తీసేసి 7-జిప్ వేశాను. ఇగోర్ పావ్లోవ్ అనే రష్యన్ ప్రోగ్రామర్ 1999 నుంచి ఉచితంగా ఇస్తున్నాడు. చూడ్డానికి పాత రిజిస్ట్రాఫీసులా ఉంటుంది, పని మాత్రం క్షణంలో చేసిపెడుతుంది.

ఏప్రిల్ 28

మొదటి రోజే దెబ్బ తిన్నాను.

రికార్డింగుకు ఆడాసిటీ వాడాలని ముందే అనుకున్నాను. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజ్జోని, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్. 2000 మే నెల నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పేరు కొట్టి వెతికాను, అన్నిటికన్నా పైనున్న లింకు నొక్కాను. అరచేయంత ఆకుపచ్చ బటన్, దాని మీద ‘డౌన్‌లోడ్’. నొక్కాను. ‘నెక్స్ట్, నెక్స్ట్, యాక్సెప్ట్’. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు ‘ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండిరా’ అని చెప్పే ఫిజిక్స్ మాస్టారిని నేను!

రెండు నిమిషాల్లో బ్రౌజర్ మొదటి పేజీ మారిపోయింది. ఎవరో కూపన్లు ఇస్తామంటున్నారు. ఓ మూలన ఎర్ర అక్షరాలతో ‘మీ కంప్యూటర్లో 847 లోపాలు ఉన్నాయి’ అని ఒక క్లీనర్ ప్రత్యక్షమైంది. వాటిని సరిచేయడానికి డబ్బు కట్టాలట. ఆడాసిటీ మాత్రం ఎక్కడా లేదు.

టెన్షన్‌తో హైదరాబాద్‌లో బీటెక్ చదివే మేనల్లుడికి ఫోన్ చేశాను.

“మామయ్యా, నువ్వు నొక్కిన లింకు పైన ‘స్పాన్సర్డ్’ అని ఉందా?”

“ఉందిరా.”

“అయితే అది ఆడాసిటీ వాళ్లది కాదు. ఎవరో డబ్బు కట్టి పైకి తెచ్చుకున్నారు. ఇన్‌స్టాల్ చేసేప్పుడు ‘యస్, నో’ అని ఒక పెట్టె వస్తుంది కదా, అందులో పబ్లిషర్ పేరు చూశావా?”

చూడలేదు. పదకొండేళ్లలో ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు.

సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాను తేదీల వరుసలో పెట్టి, ఈ రోజు దిగినవన్నీ తీసేశాను. బ్రౌజర్లో చేరిన ఎక్స్‌టెన్షన్‌ను పీకేశాను. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడిపాను. అది కంప్యూటర్ను రీస్టార్ట్ చేసి, విండోస్ పైకి లేవకముందే వెతుకుతుంది. మొత్తం రెండున్నర గంటలు. ఒక్క క్యాసెట్టూ ఎక్కలేదు.

ఈ రోగం కొత్తదేం కాదు. 2015లో సోర్స్‌ఫోర్జ్ లాంటి పెద్ద డౌన్‌లోడ్ గోదామే, బొమ్మలు దిద్దే గింప్ ఇన్‌స్టాలర్‌కు ప్రకటనల సామాను చుట్టి ఇచ్చి గొడవలో ఇరుక్కుంది. మరుసటి ఏడు యాజమాన్యం మారాకే ఆ పద్ధతి మానేసింది. అసలు సాఫ్ట్‌వేర్ చేసినవాడికీ మనకూ మధ్య దళారి దూరితే ఏమవుతుందో మిర్చి యార్డు పక్కన పుట్టినవాళ్లకు విడమరిచి చెప్పాలా?

ఏప్రిల్ 29

మేనల్లుడు మంచి దారి చూపించాడు. విండోస్ 10లోనే వింగెట్ అని ఒకటుంది. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి ‘వింగెట్ ఇన్‌స్టాల్’ అని, పక్కన సాఫ్ట్‌వేర్ పేరు కొడితే చాలు. ఏ చిరునామా నుంచి దించాలో, దిగిన ఫైలు వేలిముద్ర ఎలా ఉండాలో దాని జాబితాలో ముందే రాసి ఉంటుంది. వేలిముద్ర కలవకపోతే ఆపేస్తుంది. ఆకుపచ్చ బటన్లు లేవు, ‘నెక్స్ట్’లు లేవు. ఆడాసిటీ, పాటలూ వీడియోలూ ఆడించే వీఎల్‌సీ, ఫోటోలు చూసుకునే ఇర్ఫాన్‌వ్యూ పావుగంటలో దిగాయి.

“అప్పట్లో ఆడాసిటీని స్పైవేర్ అన్నారు మామయ్యా” అని చివర్లో ఒక రాయి వేశాడు వాడు. దొంగచాటుగా మన వివరాలు లాగే సాఫ్ట్‌వేర్ అని దానర్థం. సంగతేమిటంటే, 2021లో మ్యూజ్ గ్రూప్ అనే సంస్థ దాన్ని తీసుకుంది. వాడకం లెక్కలు సేకరిస్తామని ఒక ప్రతిపాదన పెట్టి, జనం మండిపడేసరికి వెనక్కి తగ్గింది. తర్వాత వచ్చిన గోప్యతా విధానం మీద ఇంకో రగడ. ఇప్పుడు కొత్త వెర్షన్ ఉందో లేదో చూసుకునే ఏర్పాటు మాత్రం ఉంది. దాన్ని ప్రిఫరెన్సెస్‌లో ఆపేశాను. కోడ్ అంతా బహిరంగమే కాబట్టి దొంగతనం చేస్తే పట్టుకునే కళ్లు చాలా ఉన్నాయి. నాకు ఆ భరోసా చాలు.

మే 2

టూ-ఇన్-వన్ పలకడం లేదు. విప్పి చూస్తే బెల్టు సాగి చింతపండులా అయింది. బోసు రోడ్డులో ఒక పాత రేడియో మెకానిక్ సొరుగంతా వెతికి సరిపడే బెల్టు తీశాడు. ఎనభై రూపాయలు. హెడ్డును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే దూదికి గోధుమరంగు బూడిద అంటింది. మూడుసార్లు తుడిచాక తెల్లగా వచ్చింది.

మే 4, ఆదివారం

హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు కేబుల్ వేశాను. మొదట గులాబీరంగు రంధ్రంలో పెట్టాను. పద్యం మొత్తం పగిలిపోయింది. అది మైకు కోసం ఉన్నది, చిన్న సంకేతాన్ని పెంచి తీసుకుంటుంది. నీలం రంగుది లైన్-ఇన్, ఇలాంటి పనికి అదే పెట్టాలి. మార్చాక గొంతు బాగుంది కానీ అడుగున ‘గుంయ్’ మని ఒకటే మోత. ఆడాసిటీలో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో గీసి చూపే ప్లాట్ స్పెక్ట్రమ్‌లో చూస్తే సరిగ్గా 50 హెర్ట్జ్ దగ్గర గోపురంలా లేచింది. మన కరెంటు పౌనఃపున్యం అది. రెండు పరికరాలూ వేర్వేరు సాకెట్లలో ఉంటే ఎర్త్ దారి ఉచ్చులా మారి ఈ మోత దూరుతుంది. పదో తరగతికి ఏటా చెప్పే పాఠమే, మన ఇంట్లో ఎదురుపడితే గుర్తుపట్టడానికి గంట పట్టింది.

మందు సులువు. టూ-ఇన్-వన్ వైరు పీకేసి నాలుగు పెద్ద సెల్స్ వేశాను. మోత మాయం.

మే 6

సాయంత్రం ఆరు దాటాక తొంభై నిమిషాల ‘రాయబారం’ పెట్టాను. ఆడాసిటీలో టైమర్ రికార్డ్ ఉంది, ఒక వైపు అయ్యేసరికి, అంటే 46 నిమిషాలకు, దానంతటదే ఆగేలా పెట్టి కాఫీకి వెళ్లాను. ఇరవై రెండో నిమిషంలో గాలిదుమారం, కరెంటు పోయింది. కంప్యూటర్ చచ్చింది. చీకట్లో తడుముకుంటూ వెళ్లి కేబుల్ పీకానో లేదో, టూ-ఇన్-వన్ స్పీకర్లోంచి పద్యం ఖంగున లేచింది. సెల్స్ మీద ఉంది కదా, దాని దారిన అది తిరుగుతూనే ఉంది.

ఆపబోయాను. “ఉంచరా” అంది అమ్మ. గొంతు విని మనిషిని చెబుతోంది: ఈ కృష్ణుడు మోపర్రు ఆయన, ఆ కర్ణుడు చల్ల తాగందే పాడేవాడు కాదు. మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. కరెంటు వచ్చేసరికి ఎనిమిదిన్నర.

ఆడాసిటీ మళ్లీ తెరిస్తే ఆగిపోయిన ప్రాజెక్టును తెచ్చుకోమంటారా అని అదే అడిగింది. తెచ్చుకుంటే ఇరవై రెండు నిమిషాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అయినా మర్నాడు మొదటి నుంచి రికార్డు చేశాను, అతుకు లేకుండా ఉండాలని.

మే 10

ఇది ఈ మొత్తం పనిలో నేను చేసిన పెద్ద తప్పు. వివరంగా రాసుకుంటున్నాను.

పాత క్యాసెట్టు అంటే వెనక ‘స్స్‌స్’ మని బుస ఉంటుంది. దాన్ని తగ్గించడానికి ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ ఉంది. రెండు అంచెలు. మొదట, బుస తప్ప మరేమీ లేని ముక్కను ఎంచి ‘తీసేయాల్సింది ఇదీ’ అని చూపించాలి. తర్వాత మొత్తం రికార్డింగును ఎంచి ఎన్ని డెసిబెల్స్ తగ్గించాలో చెప్పాలి. నేను రెండు పద్యాల మధ్య ఎవరూ పాడని నాలుగు సెకన్లు ఎంచాను. ఎలాగూ చేస్తున్నాం కదా, శుభ్రంగా పోవాలని 24 డెసిబెల్స్ పెట్టాను. ఏడు క్యాసెట్లు అలా కడిగాను. హెడ్‌ఫోన్లలో అద్దంలా అనిపించింది. మురిసిపోయాను.

అమ్మను పిలిచి వినిపించాను. కాసేపు విని, “మీ నాన్న ఏడీ?” అంది.

“వాయిస్తున్నారుగా అమ్మా, విను.”

“వాయిద్యం వినపడుతోందిరా. తిత్తి ఏది?”

అర్థమయ్యేసరికి ఒళ్లు చల్లబడింది. హార్మోనియం తిత్తి ఎడమచేత్తో నొక్కుతూ ఉంటే ‘హుఫ్, హుఫ్’ మని ఒక ఊపిరి ఉంటుంది. పద్యం ఆగినా నాన్న చెయ్యి ఆగేది కాదు, శ్రుతి పట్టి ఉంచేవారు. నేను ‘బుస మాత్రమే’ అనుకుని చూపించిన ఆ నాలుగు సెకన్లలో తిత్తి ఊపిరి కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, నేను చూపించినదాన్నే వెతికి వెతికి తీసేసింది. మనిషి ఉన్న జాడ పోయి మెట్ల మీద వేళ్లు మాత్రం మిగిలాయి. పైగా 24 డెసిబెల్స్ లాగేసరికి పాడేవాళ్ల గొంతులు నీళ్లలోంచి వస్తున్నట్టు తయారయ్యాయి. అది కూడా అమ్మ చెప్పాకే నా చెవికి ఆనింది.

అదృష్టం ఏమిటంటే, కడగకముందు ప్రతి రికార్డింగునూ మచ్చ పడకుండా విడిగా సేవ్ చేసి పెట్టాను. ఇది కూడా మేనల్లుడే చెప్పాడు: “మాస్టర్ కాపీ మీద చెయ్యి వేయకు మామయ్యా.”

మళ్లీ చేసిన పద్ధతి ఇది. ప్రతి క్యాసెట్టు చివర రిహార్సల్ అయిపోయి, టేపు మీద ఏమీ రికార్డు కాని జాగా ఉంటుంది. అక్కడ నిజంగా టేపు బుస తప్ప మరొకటి లేదు. దాన్ని చూపించి 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గించాను. బుస ఇంకా ఉంది. ఉండనీ. తిత్తి వచ్చింది.

మే 14

శ్రుతి తేడాగా ఉంది. చెవికి ముందు నుంచీ అనుమానమే, కానీ క్యాసెట్టు అంతేలే అనుకున్నాను. నాన్న హార్మోనియం ఇంట్లోనే ఉంది, ఆ రికార్డింగుల్లో మోగింది అదే. దాన్ని తీసి నాలుగో శ్రుతి షడ్జం నొక్కి ఫోన్లో రికార్డు చేసి, ఆడాసిటీలోకి తెచ్చి స్పెక్ట్రమ్ చూశాను: 349 హెర్ట్జ్. క్యాసెట్టులో అదే స్వరం 339 దగ్గర ఉంది. అంటే అర స్వరస్థానానికి కాస్త అటూఇటూ కిందికి జారింది. ఇంకో మూడు క్యాసెట్లు చూశాను, ఒకటే తేడా. కాబట్టి రోగం టేపుల్లో కాదు, తిప్పే మోటారులో.

అప్పటికే ఎక్కించిన 11 క్యాసెట్లకు వేగం, శ్రుతి రెండూ కలిపి మార్చే ఎఫెక్టులో 2.95 శాతం పెంచాను. శ్రుతి మార్చకుండా వేగం ఒక్కటే మార్చేది ఇంకోటి ఉంది, అది ఈ జబ్బుకు పనికిరాదు. టేపు నెమ్మదిగా తిరిగినప్పుడు రెండూ కలిసే పడిపోతాయి, కలిసే లేవాలి. మిగతా 20 క్యాసెట్లకు ఈ లెక్కలన్నీ ఎందుకని రేడియో మెకానిక్‌ను అడిగాను. మోటారు వెనక ఉన్న చిన్న రంధ్రంలోకి సన్న స్క్రూడ్రైవర్ దూర్చి అరచుట్టు తిప్పాడు. 349.

సాఫ్ట్‌వేర్‌తో ఆడుతూ ఉంటే మనిషికి స్క్రూ గుర్తుకు రాదు.

మే 17

120 జీబీ డ్రైవు నిండిపోవచ్చి ఎర్రబడింది. ఆడాసిటీ మామూలుగా 32 బిట్లలో రికార్డు చేస్తుంది, నిమిషానికి ఇరవై ఎంబీకి పైనే. సీడీ నాణ్యత వేవ్ ఫైలుకు అందులో సగం, అంటే మొత్తం 35న్నర గంటలకు 22 జీబీ చిల్లర. మాస్టర్లన్నీ ఫ్లాక్‌లోకి మార్చాను. 2001లో వచ్చిన ఈ ఉచిత పద్ధతిలో ధ్వనిలో ఒక్క బిట్టు కూడా పోదు, చోటు మాత్రం దాదాపు సగం మిగిలింది. అమ్మ ఫోన్‌కూ మా బావ కారుకూ ఎంపీ3లు. ఒకప్పుడు ఆడాసిటీలో ఎంపీ3 చేయాలంటే లేమ్ అనే ఫైలును విడిగా వెతికి తెచ్చుకోవాల్సి వచ్చేది, పేటెంట్ల గోల వల్ల. 2017లో ఆ పేటెంట్ల కథ ముగిసింది, 2019 వెర్షన్ నుంచి లోపలే ఉంది.

ఫైళ్లకు పేర్లు, సీను, ఊరు, తేదీ రాయడానికి ఎంపీ3ట్యాగ్ దించాను. ఫ్లోరియన్ హైడెన్‌రైష్ అనే జర్మన్ ప్రోగ్రామర్ చేసింది. తెలుగులో కొడితే ఒత్తులతో సహా చక్కగా నిలిచింది. కారు స్టీరియోలో మాత్రం అన్నీ డబ్బాలే. దానికి తెలుగు ఫాంటు లేదు, చేసేదేమీ లేదు. కారు పెన్‌డ్రైవ్ వరకు ఇంగ్లీషు అక్షరాల్లో మరో కాపీ చేశాను.

క్యాసెట్టు అట్టల ఫోటోలు ఇర్ఫాన్‌వ్యూలో ఒక్క దెబ్బతో సైజు తగ్గించి వరుస నంబర్లు వేశాను. 1996 నుంచి ఇర్ఫాన్ స్కిల్జాన్ అనే ఒక్క మనిషి నడిపిస్తున్న సాఫ్ట్‌వేర్, ఇంట్లో వాడుకుంటే ఉచితం.

మే 20

క్యాసెట్టు పెట్టెల్లో పెట్టే అట్టకార్డులు కొత్తగా అచ్చు వేద్దామని, దానికోసమే ఎవరో చేసిన బుల్లి ప్రోగ్రామ్ దించాను. తెరవగానే విండోస్ నీలం తెర అడ్డుపెట్టి, ‘మీ పీసీని కాపాడాం’ అంది. ఆ హెచ్చరిక వచ్చినంత మాత్రాన అది వైరస్ అని కాదు. కొద్దిమందే దించుకున్న ఫైలైతే విండోస్ కాపలాదారు స్మార్ట్‌స్క్రీన్ అనుమానిస్తుంది. ప్రోగ్రామ్ ఎవరిదో చెప్పే డిజిటల్ సంతకం సర్టిఫికెట్‌కు డబ్బు కట్టాలి, ఉచితంగా ఇచ్చేవాడికి అది ఎక్కడి నుంచి వస్తుంది?

అయినా చూసుకున్నాను. నల్ల తెరలో ‘సర్ట్‌యుటిల్’తో ఫైలు వేలిముద్ర, అంటే ఎస్‌హెచ్‌ఏ-256 తీశాను. 64 అక్షరాలు, రచయిత పేజీలో ఉన్నదానితో కలిశాయి. కానీ దీనివల్ల తెలిసేది ఫైలు దారిలో చెడిపోలేదని మాత్రమే. పేజీనే ఎవరైనా ఆక్రమిస్తే ఫైలుతోపాటు ఆ అంకెలనూ మార్చేస్తారు. 2017 మే నెలలో హ్యాండ్‌బ్రేక్ అనే పేరున్న వీడియో సాఫ్ట్‌వేర్‌కు రెండు డౌన్‌లోడ్ సర్వర్లు ఉంటే, ఒకదాంట్లోకి దొంగలు దూరి మ్యాక్ వెర్షన్ స్థానంలో ట్రోజన్, అంటే మంచి ప్రోగ్రామ్ వేషంలో ఉన్న దొంగ ప్రోగ్రామ్, పెట్టారు. అధికారిక సైటుకు వెళ్లి దించుకున్నవాళ్లే నాలుగు రోజులు మోసపోయారు. చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్‌ సైటులో వేస్తే నా ఫైలును ఇద్దరు యాంటీవైరస్ వాళ్లు తప్పుపట్టారు, మిగతా అందరూ మంచిదేనన్నారు. ఆ ఇద్దరిదీ పొరపాటే కావచ్చు. కానీ రచయిత ఎవరో తెలియదు, కోడ్ కనపడదు, నాకు కావాల్సింది 31 అట్టకార్డులు. డిలీట్ చేసి లిబ్రెఆఫీస్‌లో పట్టిక గీసుకుని, మండలి ఫాంటుతో అచ్చు వేశాను. గంటన్నర పని.

మే 25, ఆదివారం

ఎంపీ3ట్యాగ్ వాడికి ఏదైనా పంపాలనిపించింది. ఈ అలవాటుకు పెద్ద చరిత్రే ఉంది. 1982లో అమెరికాలో జిమ్ నాఫ్, ఆండ్రూ ఫ్లూగెల్మన్ అనే ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు ఇదే పని చేశారు. ప్రోగ్రామ్‌ను ఎవరికైనా కాపీ చేసి ఇచ్చుకోమన్నారు, నచ్చితే డబ్బు పంపమన్నారు. మా కాలేజీ రోజుల్లో కంప్యూటర్ పత్రికల సీడీల నిండా అలాంటివే వచ్చేవి, ‘దయచేసి రిజిస్టర్ చేసుకోండి’ అని డాలర్లలో ధర. తెనాలిలో కూర్చుని డాలర్లు ఎలా పంపాలో ఎవడికీ తెలియదు. మూసేసి వాడుకున్నాం.

ఇప్పుడు కార్డుంది కదా అని 5 యూరోలు కొట్టాను. తిరగ్గొట్టింది. మూడుసార్లూ అంతే. 2020 తర్వాత ఇచ్చే కొత్త కార్డులు విదేశీ చెల్లింపులకు మూసి ఉంచి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. మనమే వెళ్లి తెరుచుకోవాలి. బ్యాంకు యాప్‌లో వెతికి వెతికి ఆ మీట పట్టుకుని, 500 రూపాయల పైన ఒక పరిమితి పెట్టి, పంపి, మళ్లీ మూసేశాను. మా ఆవిడ అడిగింది: “ఉచితం అన్నారుగా, మళ్లీ డబ్బెందుకండీ?” సమాధానం చెప్పబోయి, ఎనభై రూపాయల బెల్టు లెక్క చెప్పి ఊరుకున్నాను.

జూన్ 8, ఆదివారం

30 అయ్యాయి. ఫ్లాక్ మాస్టర్లు రెండు చోట్ల: ఇంట్లో 500 జీబీ డిస్కులో, మేనల్లుడి దగ్గర హార్డ్‌డిస్కులో. అమ్మ ఫోన్లో వీఎల్‌సీ వేశాను. ఆ నారింజరంగు కోన్ బొమ్మ చూసి “రోడ్డు పనులవాళ్లదా ఇది?” అంది. నిజంగా అక్కడి నుంచే వచ్చింది. పారిస్ శివార్లలో దాన్ని మొదలుపెట్టిన విద్యార్థులు రోడ్ల మీది కోన్లు ఎత్తుకొచ్చి హాస్టల్లో పోగేసేవారట.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోతాయి, ఈ డబ్బా మీద 11 ఎక్కదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేద్దామంటున్నాడు మేనల్లుడు. ఆడాసిటీ, వీఎల్‌సీ, లిబ్రెఆఫీస్ అక్కడా ఉన్నాయి. దసరా సెలవులకు చూద్దాం.

మిగిలింది 17వ నంబరు, ‘చెరపవద్దు’ అని రాసి ఉన్నది. లోపల హెడ్డుకు టేపును ఆనించి ఉంచే మెత్త ఊడిపోయింది. డబ్బా అతికించిన రకం, స్క్రూలు లేవు. జాగ్రత్తగా పగలగొట్టి, చక్రాలతో సహా టేపును స్క్రూలున్న మరో డబ్బాలోకి మార్చాలి. అలాంటి డబ్బా కోసం వీధంతా అడిగితే పక్కింటి పిన్నిగారి దగ్గర ఒకటి దొరికింది, వెంకటేశ్వరస్వామి భజనలు. ఇస్తానన్నారు. కాకపోతే ముందు ఆ భజనలు ఫోన్లోకి ఎక్కించి ఇవ్వాలట. అలాంటివి ఆవిడ దగ్గర ఇంకో పద్నాలుగు ఉన్నాయట.